ఏడు ముళ్ళ సీసా

నా పేరు కొల్లాటి నూకాలమ్మ. మాది ఓడలరేవు. వయసు డెబ్బై మూడు. ఆధార్ కార్డులో అరవై ఆరని ఉంది. అది కార్డు తప్పు, నాది కాదు. ఇంట్లో నేను, మా తమ్ముడు పోలయ్య, వాడి భార్య, రెండు మేకలు. నా మొగుడు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది అమలాపురంలో కాలేజీ పంతులమ్మ పద్మజ. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేసింది. ప్రతి కాగితమూ మళ్ళీ చదివించుకుని వింటాను కాబట్టి, ఒట్టు తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మా మేష్టారు పోయారు. అమలాపురం కాలేజీలో పురుగుల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మొన్న వేసవిలో, పొద్దున్నే ఇడ్లీ తిని, "చట్నీలో ఉప్పెక్కువైంది" అని అమ్మగారితో అని, వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే పోయారు. అమ్మగారికి ఆ మాట ఇంకా గొంతులో ముల్లులాగే ఉంది. "ఇంతకాలం కాపురం చేసి, ఆఖరికి నాకు వదిలివెళ్ళింది ఉప్పు మాటా?" అంటారు.

ఆ పూట నేను ఇసుకలో ఆరబోసిన చేపలు తిరగేస్తున్నాను. పోలయ్య ఫోన్ చేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు.

"అక్కోయ్, మేష్టారు పోయేరంట."

"నోరు ముయ్యరా. బురద ఎప్పుడు తెస్తారని మొన్ననేగా ఫోన్ చేసి అడిగేరు!"

పోయేవాడు బురద ఎందుకు అడుగుతాడని నా వాదన. పోలయ్య మాట్లాడలేదు. వాడు నాకు ఎదురు చెప్పకపోతే అది నిజమేనని అర్థం.

ఆటో ఎక్కి మేష్టారింటికి వెళ్ళేసరికి వసారా నిండా చుట్టాలు. గోడ పొడుగునా మేష్టారి సీసాలు. ఒక్కొక్క సీసాలో స్పిరిట్, స్పిరిట్ అడుగున సముద్రపు బురద, అందులో పురుగులు, గవ్వలు, పీతపిల్లలు. మంత్రం చెబుతున్న బ్రహ్మగారు మధ్యమధ్యలో ఒక సీసా వైపు చూసి పంచె దగ్గరికి లాక్కుంటున్నారు. అమ్మగారు నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"చూశావుటే నూకాలూ, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. ఈ సీసాలు మాత్రం నా నెత్తిన వదిలేశారు. పట్టుకుపోవే."

ఆవిడ బాధ చూడలేక, నాకు దగ్గర్లో ఉన్న సీసా ఒకటి ఎత్తాను.

"ఇవాళ కాదే!" అని కసిరారు. నలుగురు నవ్వారు. మేష్టారు ఉంటే ఆయనా నవ్వేవారు.

ఇప్పుడు నేను ఈ కాగితం ఎందుకు రాయిస్తున్నానో చెబుతాను. మేష్టారి శిష్యులు ఆయన పేరు మీద ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో ఏడు ముళ్ళ సీసా గురించి రాసింది తప్పు. ఆ తప్పు ఆయనది కాదు, నాది. చచ్చిపోయిన మనిషి పేరు మీద నా తప్పు అచ్చు కావడానికి నేను ఒప్పుకోను. ఆ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు మేష్టారు అర్థం కావాలి. ఓపిక పట్టండి.

ఆయన రిటైరైన ఏడాదే మా ఊరు వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్. ఆయిలు కంపెనీ మనిషి అనుకుని మా వాళ్ళు దూరంగా నిలబడ్డారు. నేనే దగ్గరకెళ్ళాను.

"ఏం కావాలండీ?"

"బురద కావాలండీ."

"బురదకోసం ఇంత దూరం వచ్చేరా? మీ ఊళ్ళో కాలవలు ఎండిపోయేయా ఏంటండీ?"

"కాలవ బురద కాదమ్మా. సముద్రం అడుగు బురద. పది బారల లోతులో ఉన్నది. నెలకోసారి, ఒకే చోట నుంచి. ఆ బురదలో ఎవరెవరు కాపురముంటున్నారో చూడాలి."

మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేం ఆ సముద్రం మీద తాతల కాలం నుంచి బతుకుతున్నాం. పైన ఏముందో తెలుసు, మధ్యలో ఏముందో తెలుసు. అడుగున ఎవరు కాపురముంటున్నారని అడిగినవాడు లేడు. పిచ్చివాడని అందరూ నవ్వారు గాని, పిచ్చివాడు కూడా అంత మర్యాదగా అడగడు. పోలయ్య నావలో తీసుకెళతామని నేనే ఒప్పుకున్నాను.

ఆయన దగ్గర ఒక ఇనప పనిముట్టు ఉండేది. రెండు దోసిళ్ళు నోరు తెరుచుకుని ఉన్నట్టు ఉంటుంది. తాడు కట్టి వదిలితే అడుక్కి వెళ్ళి, నేల తగలగానే టపీమని మూసుకుని, నోటినిండా బురద కరుచుకుంటుంది. దాన్ని పైకి లాగి, జల్లెడలో పోసి, బురద పోనిచ్చి పురుగుల్ని ఏరాలి. మొదటిసారి ఆయన జల్లెడ పట్టుకున్న తీరు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. పిండి జల్లించినట్టు గడగడా ఊపుతున్నారు. పురుగులు ముక్కలైపోతున్నాయి.

"మేష్టారండీ, మీ ఇంట్లో బియ్యం ఎవరు కడుగుతారండీ?"

"మా ఆవిడ."

"తెలుస్తానే ఉందండి. ఇలా ఇవ్వండి."

జల్లెడ లాక్కుని సముద్రంలోనే సగం ముంచి, బియ్యంలో రాళ్ళు గాలించినట్టు గాలించాను. నీళ్ళే బురదని తీసుకుపోయాయి. పురుగులు చెక్కుచెదరకుండా మిగిలాయి. ఆయన నోరు తెరుచుకుని చూశారు. తరవాత చేతులు జోడించి, "నూకాలమ్మ గారూ, ఇది మా కాలేజీలో ఎవరూ చెప్పలేదండీ" అన్నారు. అప్పటిదాకా నన్ను గారూ అని పిలిచింది ఓట్లప్పుడు వచ్చేవాళ్ళే. ఓట్లు లేని నెలలో పిలిచినవాడు ఈయనొక్కడే.

సీసాల సంగతి కూడా అంతే. ఏ నెల బురద ఏదో తెలియడానికి చిన్న కాగితం మీద పెన్నుతో రాసి సీసాలో వేసేవారు. ఏడాది తిరిగేసరికి స్పిరిట్‌లో సిరా కరిగి కాగితాలన్నీ తెల్లబడ్డాయి. పెన్సిలుతో రాయాలని పిల్లలకి జీవితమంతా చెప్పిన మనిషి, తన దగ్గరకొచ్చేసరికి మర్చిపోయారు. తల పట్టుకుని కూర్చుంటే నేనన్నాను:

"నాకు రాత రాదు గాని, నా గుర్తు కరగదండి."

వల అల్లే నైలాను తాడు సీసా మెడకి కట్టడం మొదలుపెట్టాను. తుఫాను వచ్చాక తీసిన బురదైతే ఎర్ర తాడు, గోదారి వరద వచ్చాక తీసిందైతే తెల్ల తాడు. వచ్చి ఎన్ని నెలలైతే అన్ని ముళ్ళు. మళ్ళీ కొత్తగా ఏదైనా వస్తే ముళ్ళు మొదటి నుంచి. అప్పటి నుంచీ ఆయన పుస్తకంలో కూడా "తెల్లతాడు, మూడు ముళ్ళు" అనే రాసుకునేవారు.

ఆయన తాతలూ తండ్రీ వేదం చెప్పినవాళ్ళు. ఈయన పురుగుల్లో పడ్డారని చుట్టాలు మొహం చిట్లించేవారు. "మా నాన్నగారు వరస తప్పకూడదనేవారు. నేనూ వరసే చూస్తున్నాను" అనేవారు ఈయన. తుఫాను సముద్రం అడుగుని దున్నేస్తుంది. ఉన్నవాళ్ళు కొట్టుకుపోతారు. వరదైతే ఎర్రమన్ను తెచ్చి ఉన్నవాళ్ళ మీద దుప్పటిలా కప్పేస్తుంది. ఖాళీ అయిన చోటికి మళ్ళీ ఎవరు ముందొస్తారు, వాళ్ళ తరవాత ఎవరు, అన్నదే ఆయన చూసే వరస.

ఒకసారి నాకు కోపం వచ్చి అడిగాను. "ఇంతకీ తుఫాను మంచిదాండీ, చెడ్డదాండీ? నా రెండు ఇళ్ళు ఎగరగొట్టుకుపోయింది. మంచిదంటే మాత్రం ఊరుకోను."

"అమలాపురం బస్టాండు చూశారుగా. బస్సు ఖాళీగా వచ్చి ఆగితే ఏమవుతుంది?"

"కిటికీలోంచి తువ్వాళ్ళు విసురుతారండి."

"ఆయ్. తుఫాను తరవాత ముందొచ్చేవి ఆ తువ్వాలుగాళ్ళు. వెంట్రుకల్లాంటి సన్నపురుగులు. తెలివి లేదు, బలం లేదు, వేగం ఒకటే. వచ్చీరాగానే పిల్లల్ని పెట్టేస్తాయి. తరవాత నెమ్మదిగా పెద్దవాళ్ళు ఎక్కుతారు, కొంచెం జరగండి, కొంచెం జరగండి అంటూ."

"చివరికి జరిగినవాడు కింద కూర్చుంటాడు."

"అదే. ఏ గాలీ వానా లేకుండా రెండేళ్ళు గడిచిందనుకోండి, ఒక్క రకమే మూడు సీట్లలో కాళ్ళు చాపుకుంటుంది. అప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తాడు. అందరూ ముందుకి తూలతారు, ఎక్కడో అక్కడ కాస్త చోటు ఏర్పడుతుంది. మరీ గట్టిగా వేస్తే అందరూ అద్దంలోంచి బయటపడతారు."

"నా ఇళ్ళు అద్దంలోంచి బయటపడ్డాయన్నమాట."

"అందుకే మంచిదని అనలేదండీ నేను" అన్నారు మేష్టారు.

ఇప్పుడు ఏడు ముళ్ళ సంగతి.

ఆ ఏడాది పెద్ద గాలివాన వచ్చింది. దానికి ముందు మేం బురద తీసే చోట అయిదు చేతులవి తెగ ఉండేవి. అది నక్షత్రంలాంటి జీవం, చేతులు సన్నగా పాములా ఉంటాయి. ఒళ్ళంతా బురదలో దాచుకుని రెండు చేతులు పైకి పెట్టి తిండికోసం ఊపుతుంది. మేష్టారికి అదంటే ప్రాణం. గాలివాన తరవాత ఇనప నోరు దింపితే పైకొచ్చింది ఒట్టి ఇసక, కొత్తగా అలికిన అరుగులాగ. అందులో ఏదీ లేదు. రెండో నెలకి తువ్వాలుగాళ్ళు దిగారు, వేలకి వేలు. నాలుగో నెలకి గోరంత గుల్లలు వచ్చాయి. చేపలు పడక మా ఊళ్ళో అందరూ సముద్రం చచ్చిపోయిందన్నారు. "చావలేదండీ, ఇల్లు సర్దుకుంటోంది" అని మేష్టారు ఒడ్డున నిలబడి ఒక్కొక్కరికీ చెప్పారు. అయిదు చేతులవి మాత్రం రాలేదు.

ఆ మధ్యనే ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. అమ్మగారు భయపడిపోయారు.

"పడవల మీద తిరిగే వయసా ఇది? ఆలమూరులో మా అన్నయ్య ఇంటి పక్క వాటా ఖాళీగా ఉంది. చుట్టూ వరిచేలు. సముద్రం లేదు, సీసా లేదు. అక్కడికి పోదాం."

"ఏడో నెలకి అది వస్తుందే. రాసిస్తాను. ఒక్కటైనా వస్తుంది" అన్నారు మేష్టారు.

"సరే, ఏడో నెల. మీ మాటే. రాకపోతే సీసాలు పారబోసి సామాను కట్టేస్తాను. నూకాలూ, నువ్వే సాక్షివి."

నేను సాక్షినయ్యాను. ఆరో నెల ముగిసింది. రాలేదు. నాకు గుబులు పట్టుకుంది. ఆలమూరు వెళ్ళిన మనిషి మా ఊరు మళ్ళీ ఎందుకొస్తాడు? ఆ మనిషిని అక్కడ వరిచేల మధ్య కుర్చీలో కూర్చోబెడితే ఆర్నెల్లు కూడా బతకడని నాకు తెలుసు.

మా వైపు బంతి భోజనాల్లో ఒక విస్తరి ఖాళీగా ఉంటే ఊరుకోం. రావలసినవాడు రాకపోతే పక్కింటివాణ్ణయినా పిలిచి కూర్చోబెడతాం. విస్తరి ఖాళీగా ఉంటే పెళ్ళివారికి పరువు తక్కువ. నేను చేసింది అదే. అల్లవరం దారిలో రొయ్యల చెరువుల పక్క కాలవ ఉంది. గాలం వేసేవాళ్ళు ఎరకోసం అక్కడ ఎర్రటి లావుపాటి పురుగులు తవ్వుతారు. నాలుగు పురుగులు తడిగుడ్డలో చుట్టి నడుమున దోపుకున్నాను. నావలో మేష్టారు ఆ వైపు తిరిగి పుస్తకంలో రాసుకుంటుంటే, జల్లెడలో వదిలేశాను. పోలయ్య చూశాడు. నేను వాడి వైపు ఒక్క చూపు చూశాను. వాడు ఆకాశం వైపు చూశాడు.

అయిదు చేతులవి నాకెక్కడ దొరుకుతాయి? పెద్దది ఏదో ఒకటి వస్తే ఆయన సంతోషిస్తారు, అమ్మగారు సామాను కట్టడం మానతారు, అంతే నా తెలివి.

ఆ సాయంత్రం వసారాలో మేష్టారు పళ్ళెంలో చూసి ఎగిరి కూర్చున్నారు.

"నూకాలమ్మ గారూ! ఇది ఇక్కడ ఉండకూడదండీ!"

నా పై ప్రాణం పైనే పోయింది. దొరికిపోయాననుకున్నాను.

"కాలవ పురుగు ఇది! సముద్రంలో పది బారల లోతున! అంటే తుఫాను కూల్చడమే కాదు, నాటుతుంది కూడా! ఏవేవ్, విన్నావా? ఆలమూరు లేదు, గీలమూరు లేదు!"

మామూలుగా ఒక్కో నెల బురద ముందు ఆయన మూడు రోజులు కూర్చునేవారు. సూది మొనతో ఒక్కొక్క రేణువూ జరిపి చూసేవారు. ఆ రోజు నాలుగు పురుగులూ చూసి, మిగిలినది మిగిలినట్టే సీసాలో పోసి, శిష్యులకి ఫోన్లు చేయడానికి వెళ్ళిపోయారు. ఈ మాట గుర్తుంచుకోండి.

నెల తిరగకుండా కాలేజీలో సభ పెట్టారు. నేను చివరి వరసలో కూర్చుని వాళ్ళిచ్చిన పకోడీ తింటున్నాను. "ఈ నాలుగు జీవాలూ మన ఆలోచనని మార్చేశాయి" అంటున్నారు మేష్టారు. పకోడీ అడ్డం పడింది. నా దగ్గు విని, నేనక్కడున్నానని గుర్తొచ్చి, వేదిక మీదకి పిలిచి శాలువా కప్పించారు. ఆ పురుగుకి తన పుస్తకంలో నూకాలమ్మ గారి పురుగు అని పేరు పెట్టానని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు. పోలయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు, వెధవ.

చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అమ్మగారు గుమ్మంలోనే పట్టుకుని, "ఆయన మళ్ళీ రెండు పూటలా అన్నం తింటున్నారే, నీ పురుగుల పుణ్యమా అని. అయిదు చేతులది రాకపోయినా ఆలమూరు మాట నేనే మానేశాను" అన్నారు. ఆ మాట విన్నాక ఏం చెప్పను? రెండోసారి తెగించి చెప్పాను.

"మేష్టారండీ, అవి నేనే తెచ్చేనండి."

"మీరు కాక ఇంకెవరు తెస్తారండీ? ఆ గాలింపు ఇంకెవరికి వచ్చు!" అని కాఫీ ఇప్పించారు. మూడోసారి వెళ్ళలేదు. అది నా పిరికితనం. నూకాలమ్మకి పిరికితనం ఏమిటని ఊళ్ళో ఎవరైనా అడిగితే ఈ కాగితం చూపించండి.

అయిదు చేతులవి పదమూడో నెలలో పడ్డాయి. మేష్టారు స్వీట్లు పంచారు. "ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చాయి, నా లెక్క తప్పింది" అని పుస్తకంలో రాసుకున్నారు. లెక్క తప్పినందుకు కూడా ఆయన చిన్నబుచ్చుకోలేదు. "సముద్రం నా పుస్తకం చదవలేదుగా" అన్నారు.

మేష్టారు పోయిన నెలకి ఈ పద్మజ మా ఇంటికి వచ్చింది. "మామ్మగారూ, సీసాలకి తాళ్ళున్నాయి, ముళ్ళున్నాయి, కాగితాలు లేవు. సార్ నోటుపుస్తకంలో కూడా ముళ్ళే రాసున్నాయి. మీరొస్తే గాని మాకేం తెలియదు" అంది. వెళ్ళాను. మేష్టారి వసారాలో నేను ముళ్ళు తడిమి చెప్పడం, తను రాసుకోవడం. ఎర్రతాళ్ళలో ఏడు ముళ్ళ దగ్గరకొచ్చేసరికి తన మొహం వెలిగిపోయింది. "ఇదే మన పుస్తకానికి ప్రాణం" అని అచ్చుకి పంపబోయేది చదివి వినిపించింది. నాటడం, మోసుకురావడం, నూకాలమ్మ గారి పురుగు. ఆయన పేరు, దాని పక్కనే నా అబద్ధం.

"ఆపమ్మా. అది నేను అల్లవరం కాలవలో తవ్వి తెచ్చేను" అన్నాను.

పిల్ల రంగు మారిపోయింది. "మామ్మగారూ, పుస్తకంలో సగం దీని మీదే ఉందండీ!"

"అయితే సగం పుస్తకమే వెయ్యండి."

మిగతా శిష్యులకి ఫోన్ చేసింది. ఒకాయన, "పెద్దావిడకి మతిమరుపు అయ్యుంటుంది, వదిలెయ్యి. ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఫోన్ లాక్కుని, "నాకు తెలుసు. ఆ పురుగు తవ్వినప్పుడు గట్టు మీద కట్టేసున్న గేదె రంగు కూడా తెలుసు. చెప్పమంటావా?" అన్నాను. అటువైపు ఫోన్ పెట్టేశాడు. అమ్మగారు లోపలి గుమ్మంలో నిలబడి అన్నీ విన్నారు. నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఆయన్ని అంత మోసం చేశావుటే?"

"ఆలమూరు తీసుకుపోతారని చేసేనండి."

ఆవిడ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

పద్మజ సీసా మూత తీసి తెల్ల పళ్ళెంలో పోసింది. నా నాలుగు పురుగులూ పడ్డాయి, రంగు పోయి, చూస్తే సిగ్గేసేలా. వాటిని పక్కకి తీసేసింది. కింద ఆ రోజు మేష్టారు చూడకుండా వదిలేసిన మిగులు ఉంది. "ఎలాగూ విప్పాను, సార్ మూడు రోజులు చూసేవారు కదా, నేనూ చూస్తాను" అంది. సూది పట్టుకుని కూర్చుంది. భోజనం వేళ దాటిపోయింది. అమ్మగారు రెండుసార్లు పిలిచి విసుక్కున్నారు. మూడోసారి పిలవబోతుంటే పద్మజ చెయ్యెత్తి ఆగమంది.

భూతద్దంలో నన్ను చూడమంది. ముందు ఏమీ కనపడలేదు. తరవాత నువ్వుగింజంత చుక్క. చుక్కకి వెంట్రుకలాంటి అయిదు చేతులు.

అది నా కాలవ పురుగుల కింద ఉంది. ఏడో నెలలోనే వచ్చింది. పిల్లగా వచ్చింది. మేష్టారు చెప్పినట్టే వచ్చింది. నేను ఆ పక్కింటివాళ్ళని తెచ్చి కూర్చోబెట్టకపోతే, ఆయన ఆ మూడు రోజులూ కూర్చునేవారు. చూసుకునేవారు.

అమ్మగారు నన్ను తోసుకుని వచ్చి భూతద్దం లాక్కున్నారు. ఆ సీసాల వైపు అంత దగ్గరగా ఆవిడ రావడం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపు వంగి చూశారు. లేచేసరికి ముక్కు ఎర్రబడి ఉంది.

"ఈ మనిషి పోయాక కూడా నాతో వాదనలో నెగ్గారే!" అన్నారు. నవ్వారో ఏడ్చారో నాకు తెలియలేదు. మూడు విస్తళ్ళు వేసి, మమ్మల్ని ఇద్దర్నీ తన పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టారు. పప్పులో ఉప్పు లేదు. ఎవరూ అనలేదు.

కాబట్టి అచ్చు వేసేవాళ్ళకి నేను చెప్పేది ఇది. కాలవ పురుగు తుఫానుకి కొట్టుకొచ్చిందన్న మాట అంతా కొట్టేయండి. నూకాలమ్మ గారి పురుగు అన్న పేరు కొట్టేయండి. దాని చోట ఇలా రాయండి: "గాలివాన తరవాత ఏడో నెలలో అయిదు చేతులది ఒకటి, నువ్వుగింజంత, ఆ చోటికి తిరిగి వచ్చింది. వస్తుందని మేష్టారు ముందే చెప్పారు. ఆయన కంటికి అడ్డం పడింది ఓడలరేవు నూకాలమ్మ." నా పేరు తీసేద్దామని పద్మజ అంది. తియ్యకూడదు. పురుగుకి నా పేరు ఉంది కదా, తప్పుకీ ఉండాలి.

ఆయన ఓపిక మీద నేను నమ్మకం పెట్టలేదు. సముద్రం మీదా పెట్టలేదు. సముద్రం మీద పుట్టినదాన్ని, నాకే తొందరెక్కువైంది. ఆయనకి ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ లేదు.

నిన్న నెల బురద తీయడానికి వెళ్ళాం. గోదారికి వరద వచ్చి తగ్గింది. తెల్లతాడు ఒకటో ముడి వెయ్యాల్సిన రోజు. మనిషి పోయాడని వరస ఆపితే ఆయనకి కోపం వస్తుంది. పద్మజ వచ్చింది. అమ్మగారు కూడా వస్తానన్నారు. వద్దంటే వినలేదు. నావ మధ్యలో పీట వేయించుకుని, గొడుగు పట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. గోదారి సముద్రంలో కలిసే మొగ దాటగానే రెండుసార్లు వాంతి చేసుకుని, రెండుసార్లూ పోలయ్యనే తిట్టారు.

"రోడ్డు మీద ఆటోలాగా తోలుతావేవిటోయ్!"

"అల నాది కాదండి, అమ్మగారండి."

ఎర్రనీళ్ళు ముగిసి నల్లనీళ్ళు మొదలయ్యే చోట, గీత గీసినట్టు కనపడుతుంది, అక్కడే మేం ఎప్పుడూ బురద తీసేది, పోలయ్య ఇంజను ఆపాడు. ఇనప నోరు తెరిచి నీళ్ళలోకి వదిలాను. తాడు నా అరచేతుల్లోంచి జారిపోతోంది, ఒక బార, రెండు బారలు. అమ్మగారు పీట మీదనుంచి లేచి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, అంచు మీంచి ఎర్రనీళ్ళలోకి వంగారు.

"తగిలిందిటే అడుగు?"

"ఇంకా లేదండి."

ఆవిడ వంగిన వంగు వంగినట్టే ఉన్నారు. తాడు జారుతూనే ఉంది.

ఇది నేను చెప్పింది. పద్మజ చదివి వినిపించింది. రెండు చోట్ల మర్యాదకోసం మాట మెత్తబరిచింది. మళ్ళీ నా మాటే పెట్టించాను.

కొల్లాటి నూకాలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
ఓలేటి పోలయ్య, తమ్ముడు. నావలో జరిగింది చూసినవాడు, ఇన్నాళ్ళూ చెప్పనివాడు.
సుబ్బలక్ష్మి, మేష్టారి ఇల్లాలు.
రాసినది: పద్మజ, మేష్టారి దగ్గర చదువుకున్నది.